బీమా గణకుల పనిముట్లు

ఏ మనుష్యుని మరణదినమును ముందుగా నెవ్వరును జెప్పజాలరు. అయినను ఒకే వయస్సుగల లక్షమందిలో రాబోవు సంవత్సరమున సుమారెందఱు మరణింతురో లెక్కింపవచ్చును. ఆ లెక్క నాధారముగా గొని బీమా సంఘము వసూలు చేయదగిన ప్రీమియమును, నిలువ యుంచవలసిన ధనమును నిర్ణయించు వారికి యాక్చువరీలని పేరు. వీరు నిత్యము వాడు పనిముట్లనుగూర్చి మన విద్యార్థులకు గొంత తెలుపదలచితిమి.

తోకచుక్క పేరున మన మెఱిగిన హేలీ పండితుడు 1693లో బ్రెస్లా నగరపు జననమరణముల లెక్కలనుండి ఆయుర్దాయ పట్టికను ప్రకటించెను. 1762లో లండనునందు స్థాపింపబడిన ఈక్విటబుల్ సంఘము వయస్సునుబట్టి ప్రీమియమును నిర్ణయించు పద్ధతి నవలంబించెను. అప్పటి పనిముట్లు కలము, కాగితము, సంవర్గమానముల పట్టికలు మాత్రమే.

నేటి పనిముట్లన్నియు కంప్యూటరులోనివే. మొదటిది ఎక్సెల్ అను గడుల పట్టిక. ఒక గడిలోని వడ్డీరేటును మార్చినచో దానిపై నాధారపడిన గడులన్నియు తమంతట మాఱును. రెండవది ఎస్.క్యూ.ఎల్. అను భాష. ఇది లక్షలకొలది పాలసీల వివరములలో గావలసినవాని నేరి తెచ్చును. మూడవవి ఆర్, పైథాన్ అను భాషలు. మరణములు, నష్టములు సంభవించు తీరును గణాంకశాస్త్రరీతిని పరిశీలించుట కివి తోడ్పడును. నాలుగవది ప్రాఫెట్ వంటి ప్రత్యేక సాఫ్ట్‌వేరు. ఇది పాలసీల రాబోవు సంవత్సరముల రాబడి వ్యయములను వరుసగా లెక్కించును.

అయినను యంత్రము మన మిచ్చిన అంకెలనుబట్టియే బదులు చెప్పును. ఇరువది యేండ్ల పిమ్మట ఒక కుటుంబమునకు 1,00,000 రూపాయలు చెల్లింపవలె ననుకొందము. నూటికి 7 వంతున చక్రవడ్డీ వచ్చునని గడిలో వ్రాసినచో నేడు 25,842 రూపాయలు చాలునని యంత్రము చెప్పును. 5 అని వ్రాసినచో 37,689 కావలె ననును. రెండు గుణకారములును సరియైనవే. కాని 7 వచ్చునని నమ్మి మొదటి మొత్తమునే నిలువ యుంచినపుడు 5 మాత్రమే వచ్చినచో, తుదకు చేతికందునది సుమారు 68,500 రూపాయలే. మిగిలిన దెవరిత్తురు?

ఇది వట్టి యూహ కాదు. పైన జెప్పిన ఈక్విటబుల్ సంఘమే 1957 మొదలు 1988 వఱకు అమ్మిన పెక్కు పాలసీలలో, వృద్ధాప్యమున నిచ్చు భరణమునకు ఖచ్చితమైన రేటును వాగ్దానము చేసెను. పిదప వడ్డీరేట్లు తగ్గెను. మనుష్యుల ఆయువు పెరిగెను. వాగ్దానము మోయరాని భారమయ్యెను. 2000 డిసెంబరులో ఆ సంఘము క్రొత్తవారికి పాలసీలు అమ్ముట మానవలసి వచ్చెను. అప్పటికి కంప్యూటర్లు లేకపోలేదు. వాగ్దానపు వెల సకాలమున లెక్కలో జేరలేదు.

కావున మంచి యాక్చువరీ తాను గైకొన్న యూహలను స్పష్టముగా వ్రాసి యుంచును. వడ్డీని, మరణసంఖ్యను మార్చి మార్చి ఫలితమును జూచును. ఒకటి రెండు పాలసీలను చేతితో లెక్కించి యంత్రముతో సరిపోల్చును. తన పని నింకొకరిచే పరిశీలింపజేయును. యంత్రముండగా గణిత మేల యని యడుగు బాలబాలిక లీ సంగతి గమనింపవలెను. లెక్క తప్పినచో నష్టపడువారు ఆ సంఘమును నమ్మి యేటేట ప్రీమియము కట్టిన కుటుంబములవారే.