తలారి: ఒక యింటిపేరి చరిత్రము

ఆంధ్రదేశమున నింటిపేళ్లు పలుతెఱఁగులు. కొన్ని గ్రామమును బట్టియు, కొన్ని పూర్వపురుషుని బట్టియు, మఱికొన్ని వృత్తిని బట్టియు నేర్పడినవి. రామకృష్ణకవి పేరికి ముందున్న 'తెనాలి' మొదటి తెగకుఁ జేరును. కరణము, పూజారి, కమ్మరి, తలారి మున్నగునవి కడపటి తెగలోనివి. వీనిలోఁ దలారి యను పేరు మిక్కిలి యపార్థమునకు గుఱియైనది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందే కాక తెలుఁగునాట నెల్లెడలను నేఁడీ మాట వినినంతనే ఉరి దీయువాఁడను నర్థము తోఁచుచున్నది. బడిలో నీ పేరుగల బాలుని తోడివారు పరిహసించినచో, పండితుఁడు వారిని గద్దించుటతోఁ జాలదు; పదచరిత్రముఁ జెప్పఁగలిగి యుండవలెను.

'తల', 'అరి' యని విడఁదీసి, తలకు శత్రువనుట సులభమే. కాని తెలుఁగు సంస్కృతముల నతికిన యీ విభాగమునకు శాసనములు తోడ్పడవు. అవి చెప్పు కథ వేఱు.

మొదట నింటిపేళ్లు లేని కాలమును జూతము. తెనాలినుండి రేపల్లెకుఁ బోవు రైలుమార్గమున భట్టిప్రోలు గలదు. 1892లో అలెగ్జాండరు రీ యచ్చటి స్తూపమునఁ గనుఁగొనిన ధాతుకరండములపై క్రీస్తునకుఁ బూర్వపు ప్రాకృతశాసనములు గలవు. అందొక దానిలో దాతలు కురుఁడు, కురుని తండ్రి, కురుని తల్లి యని బంధుత్వముచేతనే గుర్తింపఁబడిరి.

క్రీ. శ. 3వ శతాబ్దమునకు వచ్చునప్పటికిఁ బద్ధతి మాఱినది. 1926లో బయల్పడిన నాగార్జునకొండ శాసనములను వోగెలు పండితుఁడు ప్రకటించెను. ఇక్ష్వాకురాజగు చాంతమూలుని తోఁబుట్టువైన చాంతిసిరి యచ్చటి మహాచైత్యమునకుఁ బోషకురాలు. ఆమె భర్త పూకీయకులజుఁడగు స్కందశ్రీ. అతని బిరుదములు మహాసేనాపతి, మహాతలవరుఁడు. భర్త పదవిని బట్టి యామెయు మహాతలవరి యనఁబడెను. చాంతమూలుని కూఁతురగు అడవి చాంతిసిరి భర్తయు మహాతలవరుఁడే, అతనిది ధనకకులము. అనఁగా రాజునకు బావయు నల్లుఁడును ధరించిన పదవి యిది. అయినను నాఁటికిది వంశనామము కాదు. కులనామము వేఱుగను బదవి వేఱుగను జెప్పఁబడుచుండెను.

తలవరశబ్దము సంస్కృతము కాదనియు, ద్రావిడభాషలనుండి ప్రాకృతమునకు వచ్చియుండుననియు వోగెలు తలఁచెను. తమిళమునఁ దలైయారి, కన్నడమునఁ దళవార శబ్దములు దీనికి సాక్ష్యములు. జైనుల కల్పసూత్రమునను తలవరశబ్దము గలదు. సంతసించిన రాజొసఁగు పట్టబంధము ధరించినవారు తలవరులని వ్యాఖ్యాతలు వివరించిరి. తెలుఁగున తలవరి యైనది. నడిమి వకారము జాఱి, అచ్చు దీర్ఘమై, తలారి యయ్యెను. పదమున నఱకుటయు లేదు, శత్రువును లేఁడు.

పదముతోపాటు పదవియుఁ గాలక్రమమునఁ గ్రుంగినది. రాజబంధువుల బిరుదము పట్టణరక్షకునకు, పిదప గ్రామరక్షకునకు దిగెను. దొంగలఁ బట్టుట, నేరస్థుల నప్పగించుట తలవరి పని యగుటచే, దండనముతో నతని పేరు ముడివడి నేఁటి దురర్థమునకు దారితీసెనని తోఁచును. గ్రామమునఁ దలారి పొలమును, పొలిమేరను గాచువాఁడు, శిస్తు సొమ్మునకుఁ దోడు పోవువాఁడు, మునసబునకుఁ జేదోడు. అతనికి మాన్యమును, కళ్లమున మేరయు జీవనాధారములు. తండ్రి పిదపఁ గొడుకునకు నా పని వచ్చుచుండఁగా, ఊరివారు తలారివారి యిల్లనిరి. ఆ వాడుకయే యింటిపేరయ్యెను. 1895 నాఁటి చెన్నరాజధాని చట్టము గ్రామోద్యోగముల వంశపారంపర్యమును నియమబద్ధముఁ జేసెను.

పదవి యింటిపేరగుట మనకే చెల్లినది కాదు. స్కాట్లండులో 12వ శతాబ్దమున దావీదు రాజు వాల్టరను వానిని తన గృహనిర్వాహకునిఁగా నియమించెను. ఆ పదవి తరువాత వంశపారంపర్యమై, 'స్టూవర్టు' అను నింటిపేరయ్యెను. 1371లో నా వంశజుఁడగు రాబర్టు రాజయ్యెను. ఆ పదమునకు మూలార్థము ఇంటిని గాచువాఁడు. దానిని పందులదొడ్డి కాపరి యని వికృతముగా విడఁదీసినవారు నక్కడఁ గలరు. అచట నింటి కాపరి పేరు రాజవంశమున కెక్కినది. ఇచట రాజబంధువుల పేరు గ్రామకాపరికి దిగినది. రెంటను రక్షణమే మూలము.

ఇంతమాత్రమునఁ దలారి యింటిపేరుగల వారెల్ల మహాతలవరుల సంతతివారని చెప్పరాదు. పదవి చేతులు మాఱినది. పలు కులములవారు దానిని వహించిరి. పేరు మాత్రము నిలిచినది. 1984లో ఆంధ్రప్రదేశప్రభుత్వము మునసబు కరణముల వంశపారంపర్యాధికారమును రద్దుచేసెను. గ్రామసేవకుల పేళ్లును గ్రమముగా మాఱినవి. ఇఁక నా పాత వ్యవస్థకు జ్ఞాపకముగా మిగిలినవి యీ యింటిపేళ్లే. హాజరుపట్టీలోఁ దలారి యను పేరు చదువు నుపాధ్యాయుఁడు పదునేడు వందల యేండ్ల నాఁటి శాసనపదము నుచ్చరించుచున్నాఁడు. ఆ సంగతి తరగతిలో నొక్కమాఱు చెప్పినఁ బరిహాసమునకుఁ దావుండదు.