పిలిచే కఫీల్‌కు అనుమతి ఉందా? గల్ఫ్ వీసాకు ‘ఊఁ’ అనేముందు చూసుకోవాల్సినవి

జగిత్యాల, నిజామాబాద్, కడప, రాయచోటి, హైదరాబాద్ పాతబస్తీ... ఏ మొహల్లాలో అడిగినా గల్ఫ్‌లో ఒక అన్నో, మామూనో, ఖాలూనో ఉంటారు. వీసా వచ్చిందనగానే ఇంట్లో మొదటి ప్రశ్న “జీతం ఎంత?” రెండోది “ఏజెంటుకు ఎంత కట్టాలి?” వీటికంటే ముందు అడగాల్సిన మాట ఒకటుంది. మనల్ని పిలుస్తున్న ఆ కంపెనీకి, ఆ కఫీల్‌కు, ఇండియా నుంచి మనిషిని పనికి తీసుకునే అనుమతి ఉందా?

గల్ఫ్‌లో ఎవరు పడితే వాళ్లు మనల్ని పనికి పిలిపించుకోలేరు. యజమాని రెండు గేట్లు దాటాలి. ఒకటి ఆయన దేశంలో ఉంటుంది, రెండోది మన దేశం పెట్టింది.

మొదటి గేటు: ఆ దేశ ప్రభుత్వం

సౌదీనే తీసుకుందాం. అక్కడ 2011 నుంచి ‘నితాఖత్’ అనే పద్ధతి నడుస్తోంది. ప్రైవేటు కంపెనీలో ఎంతమంది సౌదీలకు ఉద్యోగం ఇచ్చారన్న లెక్క చూసి ఆ కంపెనీకి ఒక రంగు ఇస్తారు. ప్లాటినం, గ్రీన్‌లో ఉన్నవాళ్లకు కొత్త వీసాలు దొరుకుతాయి. రెడ్‌లో పడితే కొత్త వీసాలు బంద్. కంపెనీ పేరు పెద్దదైనా, రెడ్‌లో ఉంటే కొత్తగా మనిషిని పిలిపించుకోలేదు.

ఇంటిపనివాళ్లు, హౌస్ డ్రైవర్ల సంగతి వేరు. యజమాని ‘ముసానెద్’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో దరఖాస్తు పెట్టుకోవాలి. ఒప్పందం కూడా అందులోనే నమోదు కావాలి.

రెండో గేటు: మన ప్రభుత్వం

పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. ఈ పాస్‌పోర్టుతో సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం చెప్పేది ఇదే. ఆ క్లియరెన్స్ రావాలంటే యజమాని కూడా మన విదేశాంగ శాఖ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో నమోదై ఉండాలి.

ఆ పని ఇలా జరుగుతుంది:

1. విదేశీ యజమాని తన కంపెనీ రిజిస్ట్రేషన్, లైసెన్సు వివరాలతో ఈ-మైగ్రేట్‌లో దరఖాస్తు చేస్తారు.

2. ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం ఆ కాగితాలను పరిశీలిస్తుంది. కంపెనీ నిజంగా ఉందా, అంతమంది మనుషులు దానికి అవసరమా అని చూస్తుంది. అన్నీ సరిగా ఉంటేనే యజమానికి ఒక ఐడీ ఇస్తారు.

3. తర్వాత యజమాని ‘డిమాండ్’ పెడతారు. ఏ పనికి ఎంతమంది కావాలి, జీతమెంత, పని గంటలెన్ని, తిండి, వసతి ఎవరిది అన్నవన్నీ అందులో రాయాలి. ఏ పనికి కనీసం ఎంత జీతం ఉండాలో భారత ప్రభుత్వం చెప్పిన రేట్లు ఉన్నాయి. అంతకంటే తక్కువ రాయకూడదు.

4. ఇండియాలో మనుషుల్ని ఎంపిక చేసే అధికారం లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటుకు పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా ఇస్తారు. ఆ లైసెన్సు ఇచ్చేది ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. ‘సబ్ ఏజెంట్’ అని ఊళ్లో తిరిగే మనిషికి ఆ లైసెన్సు వర్తించదు.

5. ఎంపికైన కార్మికుడి ఒప్పందం, వీసా, ఇన్సూరెన్సు అన్నీ పోర్టల్‌లో పెట్టాక క్లియరెన్స్ వస్తుంది.

జీతాలు ఎగ్గొట్టడం, హింసించడం వంటి ఫిర్యాదులున్న యజమానులను ‘ప్రయర్ అప్రూవల్ కేటగిరీ’ అనే జాబితాలో పెడతారు. ముందస్తు అనుమతి లేకుండా వాళ్ల దగ్గరికి మనుషుల్ని పంపడం కుదరదు.

ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు

ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఈ దేశాలకు ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండి ఉండాలి. ప్రైవేటు ఏజెంట్ల ద్వారా వెళ్లకూడదు, ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే వెళ్లాలని 2016లో నిబంధన వచ్చింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అలాంటి ప్రభుత్వ సంస్థలు. “వయసు పెంచి రాయిస్తా, విజిట్ మీద పంపిస్తా” అని ఎవరైనా అంటే, ఆ మాటతోనే వాళ్లను గడప దాటించేయండి.

‘ఆజాద్ వీసా’ అంటే ఏమిటి?

చట్టంలో ఆజాద్ వీసా అనేదే లేదు. ఒక కఫీల్ తన పేరున వీసా తీసి అమ్ముకుంటాడు, మనిషిని “బయట ఎక్కడైనా చేసుకో” అని వదిలేస్తాడు. అలా వేరేచోట పనిచేస్తూ పట్టుబడితే శిక్ష పడేది కార్మికుడికి కూడా. కఫీల్‌కు కోపం వచ్చి ‘హురూబ్’ పెడితే, అంటే పారిపోయాడని రాయిస్తే, ఇఖామా పనికిరాకుండా పోతుంది. విజిట్ వీసా, ఉమ్రా వీసా మీద పని చేయడం కూడా నేరమే.

ఇలా వెళ్లినవాళ్ల పేరు ఈ-మైగ్రేట్‌లో ఉండదు. దాని నష్టం తెలిసేది కష్టం వచ్చినప్పుడే. క్లియరెన్స్‌తో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షల రూపాయలు వస్తాయి. దొంగదారిన వెళ్లినవారి పిల్లలకు ఆ ఆసరా ఉండదు. చేతిలో ఒప్పందం లేకపోతే రావాల్సిన జీతం కోసం అడగడానికీ ఆధారం ఉండదు.

డబ్బు కట్టేముందు

- ఏజెంటు లైసెన్సు నంబర్ అడగండి. ఈ-మైగ్రేట్ సైట్‌లో ఆ పేరు ఉందా, లైసెన్సు ఇప్పటికీ నడుస్తోందా చూడండి.
- యజమాని ఐడీ, ఒప్పందం కాపీ అడగండి. అర్థమయ్యే భాషలో చదివించుకున్నాకే సంతకం పెట్టండి.
- ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ చార్జి 30,000 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. అంతకంటే ఎక్కువ అడిగితే చట్టవిరుద్ధం. బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి.
- సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఫీజు, ఇఖామా, వర్క్ పర్మిట్ ఖర్చులు యజమానివే. వాటిని జీతంలో కోస్తామంటే ఒప్పుకోవద్దు.
- పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాపీలు ఒక సెట్ ఇంట్లో అమ్మీ దగ్గరో, భార్య దగ్గరో ఉంచండి.

పదో తరగతి పాసై ఈసీఆర్ లేని పాస్‌పోర్టు ఉన్నవారికి క్లియరెన్స్ అక్కర్లేదు. మోసపోయే ప్రమాదం మాత్రం వాళ్లకూ అంతే ఉంది. వాళ్లు కూడా ఏజెంటు లైసెన్సు, యజమాని వివరాలు చూసుకునే బయల్దేరాలి.

అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090కు ఫోన్ చేయండి. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలోనూ అడగొచ్చు. ఇప్పటికే అక్కడ చిక్కుకున్నవారి తరఫున ఇంటివాళ్లు ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు.

బంగారం కుదువ పెట్టి, వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోసే ముందు ఒక్క రోజు ఆగి ఈ వివరాలు చూసుకోండి. నిజమైన వీసా అయితే ఆ ఒక్క రోజులో ఎక్కడికీ పోదు.