కాళ్ళు నిలవనప్పుడు మనసుకో పని



పగలంతా చాకిరీ చేసి, రాత్రి భోజనాలయ్యాక కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకి కొందరికి కాళ్ళు మొదలెడతాయి. నొప్పి అనలేం, తిమ్మిరీ కాదు. పిక్కల లోపల ఏవో పాకుతున్నట్టు, నరాలు లాగుతున్నట్టు ఉంటుంది. కదిపితే హాయి, ఆపితే మళ్ళీ అదే. సాయంత్రం అమలాపురం బస్సులో కూర్చున్నా, సినిమా హాల్లో కూర్చున్నా ఇంతే. "కాళ్ళు ఊపకే, దరిద్రం!" అని పెద్దవాళ్ళు కసురుతారు. చెడ్డ అలవాటు కాబోలని మనమూ సిగ్గుపడి ఊరుకుంటాం.

ఇది అలవాటు కాదు, జబ్బు. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లోనే దీన్ని గురించి రాశాడు. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ వివరంగా పరిశీలించి 'రెస్ట్‌లెస్ లెగ్స్' అని పేరు పెట్టాడు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. గర్భిణులకి చివరి నెలల్లో మరీను. కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది.

దీని గుణం ఒకటి గమనించండి. ఒళ్ళు కదలక, మనసు ఊరికే ఉన్నప్పుడే ఇది పైకొస్తుంది. అందుకే మనసుకి పని పెట్టమంటారు వైద్యులు. ఎలాంటి పని? కంఠతా వచ్చిన స్తోత్రమైతే నోరు దాని దారిన అది పోతుంది, మనసు పిక్కల దగ్గరే ఉంటుంది. కాస్త బుర్ర పెట్టే పని కావాలి. మన నరసాపురం వైపు ఆడవాళ్ళు అల్లే లేసు చూడండి. లెక్క తప్పితే వరసంతా విప్పుకోవాలి, ధ్యాస ఇటూ అటూ పోనివ్వదు. అల్లిక రాకపోతే పత్రికలో గళ్ళనుడికట్టు ఉంది, పిల్లలతో పులిజూదం ఉంది. బస్సులోనైతే పదిహేడో ఎక్కం వెనకనించి చెప్పుకోండి.

ఇది కూర్చున్నప్పటి ఉపాయం. పక్క మీద బుర్రకి పదును పెడితే ఉన్న నిద్రా పోతుంది. అప్పుడు లేచి నాలుగడుగులు వేసి, పిక్కలు సాగదీసి, గోరువెచ్చని నీళ్ళు కాళ్ళమీద పోసుకోండి. సాయంత్రం కాఫీ, టీ మానేసి చూడండి.

మనసు మళ్ళించడం ఉపశమనమే, వైద్యం కాదు. చాలామందిలో అసలు కారణం ఇనుము లోటు. మెదడులో ఇనుము తగ్గితే, కదలికల్ని అదుపులో ఉంచే డోపమిన్ పని దెబ్బతింటుంది. రక్తం బాగానే ఉందన్నా నిల్వ ఇనుము తక్కువుండొచ్చు. కనుక 'ఫెరిటిన్' పరీక్ష చేయించమని డాక్టరుగారిని అడగండి. తోటకూర, ములగాకు, నువ్వులు తినండి, నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. ఇనుము మాత్రలు మాత్రం సొంతంగా మింగకండి. జలుబు మాత్రలు, వాంతుల మందులు కొన్ని ఈ బాధని పెంచుతాయి. వాడుతుంటే ఆ సంగతీ డాక్టరుకి చెప్పండి.

ఇంట్లో అత్తగారో, కడుపుతో ఉన్న కోడలో రాత్రిపూట కాళ్ళు ఊపుతుంటే కసరకండి. ఎన్నాళ్ళనించి నిద్ర లేదో అడగండి.