తడి బియ్యం వీధిలో బడి

సిటీ హాల్ స్టేషన్లో రైలు దిగి రాఫిల్స్ సిటీలోకి మెట్లెక్కేటప్పుడల్లా నాకు ఒక బడి గుర్తొస్తుంది. 73 అంతస్తుల హోటలూ బట్టల దుకాణాలూ ఉన్న ఈ నేల మీద నూట ముప్పై ఏళ్లకు పైగా పిల్లలు పాఠాలు చదివారు. పక్క వీధి పేరు బ్రాస్ బాసా. మలయ్ భాషలో తడి బియ్యం అని అర్థం. పూర్వం ఇక్కడి వాగు ఒడ్డున తడిసిన బియ్యాన్ని ఆరబోసేవారని చెబుతారు.

ఆ బడే రాఫిల్స్ ఇన్‌స్టిట్యూషన్. దాని పేరు వినని తెలుగు ఇల్లు సింగపూర్‌లో ఉండదు. ఆరో తరగతి పరీక్షలు దగ్గరపడితే చాలు, మన వంటింట్లో కూడా ఆ పేరే. అయితే మనం చెప్పుకొనేది అక్కడ సీటు దొరకడం గురించే. ఆ బడి ఎందుకు పుట్టిందో పిల్లలకు చెప్పం.

1823 జూన్ 5న ఈ నగరాన్ని స్థాపించిన స్టాంఫర్డ్ రాఫిల్స్ దానికి శంకుస్థాపన చేశాడు. నాలుగు రోజులకే, జూన్ 9న, ఓడెక్కాడు. మళ్లీ ఈ దీవికి రాలేదు. ఆయన తలపెట్టింది ఇంగ్లీషు బడి కాదు. ఈ ప్రాంతపు పెద్దల బిడ్డలు ఇక్కడ చదవాలి, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు ఇక్కడి భాషలు నేర్చుకోవాలి, మలయ్, చైనీస్ సాహిత్యాలను సేకరించి భద్రపరచాలి. అదీ ఆయన కల. మలక్కాలో రాబర్ట్ మారిసన్ నెలకొల్పిన కళాశాలను కూడా ఇందులో కలపాలనుకున్నాడు.

తర్వాత పాలనకొచ్చిన క్రాఫర్డ్‌కు అంత పెద్ద కళాశాల మీద నమ్మకం లేదు, ముందు చిన్నపిల్లల చదువు చూడాలన్నాడు. కట్టడం సగంలో ఆగి ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. 1834లో డారా అనే పాదిరీ విడిగా ఒక ఉచిత పాఠశాల తెరిచాడు. 1837 చివర్లో ఆ బడే పూర్తయిన ఈ భవనంలోకి వచ్చింది. మొదట్లో మలయ్, చైనీస్, తమిళ తరగతులు కూడా నడిచాయి. పిల్లలు రాక ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఇంగ్లీషు మిగిలింది. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టలేను. కొలువు ఏ భాషలో ఉంటే బిడ్డను ఆ భాషలోకే పంపుతాం. మనమూ అంతే చేశాం.

1868లో బడికి రాఫిల్స్ పేరు పెట్టారు. 1871 నుంచి 1906 దాకా హల్లెట్ ప్రధానోపాధ్యాయుడు. ఆయన దగ్గర చదివిన లిమ్ బూన్ కెంగ్ 1887లో క్వీన్స్ స్కాలర్‌షిప్ గెలిచి వైద్యం చదివాడు. తొలి అధ్యక్షుడు యూసఫ్ ఇషాక్, తొలి ప్రధాని లీ క్వాన్ యూ ఈ బడి పిల్లలే. 1972లో బడి గ్రేంజ్ రోడ్డుకు, 1990లో బిషాన్‌కు మారింది. 1975లో మన తెలుగు సమాజం పుట్టేనాటికి బ్రాస్ బాసా ఇల్లు విడిచి దానికి మూడేళ్లు.

నా మనసు మాత్రం రాఫిల్స్ సేకరించిన పుస్తకాల దగ్గరే ఆగుతుంది. 1824 ఫిబ్రవరిలో ఆయన ఇంగ్లండుకు బయలుదేరిన ఫేమ్ అనే ఓడ బెంకూలెన్ తీరం దాటగానే అంటుకుంది. ఆయన పోగుచేసిన మలయ్ రాతప్రతులు దానితో బూడిదయ్యాయి. ఆ గ్రంథాలకు నకళ్లు లేవని ఆయన దగ్గర పనిచేసిన మున్షీ అబ్దుల్లా తన ఆత్మకథలో బాధపడ్డాడు. సరిగ్గా ఆ కాలంలోనే అదే కంపెనీ కొలువులో ఉన్న మన బ్రౌన్ దొర తాళపత్రాలు వెదికించి, నకళ్లు రాయించి, పండితులకు జీతాలిచ్చి పాఠాలు సరిచూయించాడు. 1829లో ఆయన వేమన పద్యాలు అచ్చయ్యాయి. మన పుస్తకాలు దక్కాయి.

సింగపూర్ బడుల్లో భారతీయ పిల్లలకు మాతృభాషగా తమిళం ఉంది. దాంతోపాటు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు లేదు. మన పిల్లలు పరీక్షకు హిందీయో తమిళమో రాస్తారు. వేమన పద్యం నేర్పేది ఇంట్లో అమ్మమ్మ, వారాంతంలో మన తెలుగు తరగతి.

1923లో రాఫిల్స్ బడి పిల్లలు చదువుకొనేందుకు హల్లెట్ పేరిట ఒక గ్రంథాలయం వెలిసింది. అది ఇప్పటికీ ఉంది. మన సమాజానికీ ఒక తెలుగు పుస్తకాల బీరువా కావాలి. నా వంతుగా మా నాన్నగారి వేమన పద్యాల ప్రతి తెస్తున్నాను. అట్ట చిరిగింది గానీ పేజీలన్నీ ఉన్నాయి.