మీకు తెలుసా? పైన్ చెట్టు బెరడు ఒకప్పుడు ఆహారం!

చెట్టు బెరడంతా తినడానికి పనికిరాదు. గరుకైన పైబెరడుకూ కలపకూ మధ్య తేమగా, మెత్తగా ఒక పలుచని పొర ఉంటుంది. ఆకుల్లో తయారైన చక్కెరలను వేళ్ల దాకా మోసేది అదే. తినేదీ దాన్నే. మన మసాలా డబ్బాలోని దాల్చినచెక్క కూడా బెరడే కదా!

ఉత్తర స్కాండినేవియాలోని సామీ ప్రజలకు పైన్ బెరడు లోపలి పొర కరవు తిండి కాదు, ఏటా తినే ఆహారం. వేసవి మొదట్లో, చెట్టులో రసం పారే రోజుల్లో దాన్ని ఒలిచి, ఎండబెట్టో కాల్చో దాచుకునేవారు. పచ్చి కూరలు అరుదైన ఆ చలి నేలలో సి విటమిన్ కూడా ఇచ్చేదది. వారి పద్ధతిలో మెచ్చుకోవలసింది ఇంకొకటుంది: మాను చుట్టూ బెరడు తీసేస్తే చెట్టు చచ్చిపోతుంది. అందుకే ఒక పక్క మాత్రమే ఒలిచేవారు. ఆ మచ్చలతోనే బతికున్న ముసలి పైన్ చెట్లు ఉత్తర స్వీడన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. వాటి వార్షిక వలయాలు లెక్కించి, ఏ ఏడాది బెరడు తీశారో శాస్త్రవేత్తలు చెప్పగలుగుతున్నారు.

ఫిన్లాండ్‌లో మాత్రం ఇది కష్టకాలపు రొట్టె. బెరడు పొడిని రై పిండిలో కలిపి 'పెట్టులేయిపా' అనే రొట్టె కాల్చేవారు. అలాంటి కష్టకాలమే 1866–68 కరవు; అప్పుడు అక్కడ జనాభాలో సుమారు 8 శాతం మంది ఆకలికీ, అంటురోగాలకూ బలయ్యారు.