ధూళి మాటున 158 మైక్రాన్ల గీత

ఇబ్రహీంపట్నం, కోరుట్ల పొలాల్లో ఎప్పుడైనా పారాచ్యూట్‌తో ఒక పెట్టె దిగితే ముట్టుకోకండి, పోలీసులకో పోస్టాఫీసుకో కబురు చేయండి. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ బెలూన్ కేంద్రం ఉంది; ఆ పెట్టె అక్కడి బెలూన్ మోసుకెళ్లిన పరికరాలది కావచ్చు. ఎగరేసే ముందు వారిచ్చే ప్రకటనల్లో మన జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల పేర్లూ ఉంటాయి. అక్కడి నుంచి ఎగిరిన వాటిలో 100 సెంటీమీటర్ల అద్దమున్న దూర పరారుణ టెలిస్కోపు ఒకటి. మన గడ్డ మీద జరిగిన ఇంత మంచి పని మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నక్షత్రాలు పుట్టేచోట ధూళి దట్టంగా ఉంటుంది. వాటి వెలుగును మింగి, ఎండకు కాగిన బండ పొద్దుగూకాక సెగ కక్కినట్టు, ఆ శక్తిని దూర పరారుణ కిరణాలుగా వదులుతుంది. గాలిలోని నీటి ఆవిరి వాటిని నేలదాకా రానివ్వదు. బెలూన్ 30 కిలోమీటర్లు దాటి పైకి వెళ్లేది అందుకే.

1999 నుంచి ఈ టెలిస్కోపుకు జపాన్ శాస్త్రవేత్తల ఫాబ్రీ-పెరో స్పెక్ట్రోమీటర్‌ను బిగించి ఎగరేశారు. అందులో ఎదురెదురుగా రెండు పలకలుంటాయి. కిరణం వాటి మధ్య అటూ ఇటూ తగులుతూ తిరుగుతుంది. సందుకు సరిగ్గా కుదిరిన తరంగదైర్ఘ్యమే బయటపడుతుంది. సందును రవ్వంత రవ్వంత జరుపుతూ పోతే వర్ణపటం చేతికొస్తుంది. అందులో వాళ్లు వెతికింది 158 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలిగే గీత కోసం. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కార్బన్, చుట్టూ ఉన్న కణాలు ఢీకొట్టినప్పుడు అందుకున్న శక్తిని ఈ కిరణంగా విడిచేస్తుంది. వాయువు చల్లబడే ముఖ్యమైన దారి ఇది. చల్లబడితేనే అది కుంచించుకుని నక్షత్రమవుతుంది. అలా ఒరాయన్ నెబ్యులాలో ఈ గీత ఎక్కడెంత వెలుగుతుందో విశాలంగా మ్యాపు గీసి, 2003లో ప్రచురించారు.

దూరపు గెలాక్సీల దగ్గరికొస్తే అదే గీత సాగిపోయి కనబడుతుంది. 2009 మే 14న ఎగిరిన హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు అద్దం 3.5 మీటర్లు. కాస్మిక్ ఐలాష్ అనే ధూళి గెలాక్సీ నుంచి వెయ్యి కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించి వచ్చిన కార్బన్ గీతను అది 525 మైక్రాన్ల దగ్గర పట్టుకుంది. విశ్వం విస్తరించడంతో 3.3 రెట్లు సాగిందన్నమాట. మధ్యలో ఉన్న గెలాక్సీల గుంపు గురుత్వాకర్షణ భూతద్దమై, దాని వెలుగును 30 రెట్లకు పైగా పెంచింది. మొత్తం వెలుగులో ఆ గీత వాటా లెక్కేస్తే, మనకు దగ్గర్లోని ఎం82 వంటి గెలాక్సీలతో సరిపోలింది. దగ్గరివాటిని ముందే కొలిచిపెట్టుకోకపోతే ఈ పోలికే కుదిరేది కాదు. 

హెర్షెల్‌ను చల్లబరిచే ద్రవ హీలియం 2013 ఏప్రిల్ 29న నిండుకుంది. అంత పెద్ద దూర పరారుణ టెలిస్కోపు ఆ తర్వాత అంతరిక్షంలోకి వెళ్లలేదు. హైదరాబాద్ బెలూన్ మాత్రం ఆ తర్వాతా ఎగిరింది; మెరుగుపరిచిన స్పెక్ట్రోమీటర్‌తో ఆర్‌సీడబ్ల్యూ 36 అనే నక్షత్రాల పురిటిచోటులో అదే కార్బన్ గీతను కొలిచింది.