జింక కనిపిస్తే.. గుండె దడదడ!

విల్లుతో వేటకెళ్లిన తొలి ఏడాది నా చేతులే నన్ను ముంచేశాయి. మరుసటి ఏడాదికి నేనేం మార్చుకున్నానంటే..

సరిగ్గా 20 గజాలు. చెట్టుకి కట్టిన మంచె మీద నేను, కింద కొమ్ముల జింక. పెరట్లో అదే దూరం నుంచి రోజూ 50 బాణాలు వేసేవాణ్ని. అన్నీ చాయ్ సాసరంత చోట్లోనే గుచ్చుకునేవి. ఆ సాయంత్రం మాత్రం మోకాళ్లు గడగడా వణికాయి. నోరు ఎండిపోయింది. గుండె చప్పుడు చెవుల్లో మోగుతోంది. ఎప్పుడు లాగానో, ఎప్పుడు వదిలానో నాకే తెలీదు. బాణం పొట్టలో దిగింది. జింక పొదల్లోకి దూసుకుపోయింది.

పొట్టలో తగిలితే వెంటనే వెంటపడకూడదు, భయంతో ఇంకా దూరం పోతుంది. తెల్లారాక వెళ్లి రక్తపు చుక్కల్ని పట్టుకుని నడిచాం. వాగు దగ్గర ఆ చుక్కలూ ఆగిపోయాయి. రోజంతా వెతికినా దొరకలేదు. గురి తప్పితే నవ్వేసేవాణ్నేమో. ఒక ప్రాణిని బాధపెట్టి వదిలేశానే అన్నది మాత్రం మింగుడు పడలేదు.

వేటేంటి, నువ్వేంటి?

‘కోడిని కోస్తుంటే ఇంట్లోకి పారిపోయేవాడివి కదరా’ అంది అమ్మ వీడియో కాల్‌లో. నిజమే. మాది నరసరావుపేట. ఉద్యోగం కోసం పెన్సిల్వేనియా వచ్చాక పక్కింటి పెద్దాయన పుణ్యమా అని విల్లు పట్టాను. మన దగ్గర వేట నేరం, 1972 నుంచే వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ఇక్కడ లెక్క వేరు. తెల్లతోక జింకలు పెరిగిపోయి పంటల్నీ, అడవిలో మొలకల్నీ మేసేస్తాయి. రాత్రిళ్లు కార్లకి అడ్డం పడతాయి. అందుకే రాష్ట్రమే సీజన్ పెట్టి, శిక్షణ పాసైనవాళ్లకి లైసెన్స్ ఇస్తుంది.

ఆ వణుక్కి ఇక్కడో పేరుంది.. ‘బక్ ఫీవర్’. అడ్రినలిన్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. పరుగెత్తడానికి అది భలే సాయం. వేలితో మెల్లగా మీట నొక్కాల్సిన పనికి మాత్రం శత్రువు. 40 ఏళ్లుగా వేటాడుతున్న పెద్దాయనకీ ఇప్పటికీ వస్తుందట. ‘రాని రోజున విల్లు అమ్మేస్తా’ అంటాడు.

ఆయన నేర్పినవి ఇవీ..

రోజుకి ఒక్కటే: అడవిలో రెండో ఛాన్స్ ఉండదు. అందుకే పొద్దున్నే ఏ వార్మప్పూ లేకుండా ఒకే ఒక్క బాణం. సాయంత్రం వీధి చివరిదాకా పరుగెత్తి, ఆ రొప్పుతోనే ఇంకొన్ని. దడ మధ్య గురిపెట్టడం అలా అలవాటైంది.

పైకి చెప్పుకో: లాగు.. చెంపకి ఆనించు.. రింగులోంచి చూడు.. చోటు పట్టు.. మెల్లగా నొక్కు. పెరట్లో ప్రతి బాణానికీ గట్టిగా అనేవాణ్ని. బుర్ర పనిచేయకపోయినా వరస గుర్తుంటుంది.

కొమ్ములు చూడకు: కొమ్ములు చూశావా, గోవిందా! ముందుకాలి వెనక ఒకే ఒక్క చోటు, వీలైతే ఒక్క వెంట్రుక. అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనిపించిందని చిన్నప్పుడు విన్నదే, ఇక్కడ పనికొచ్చింది.

ఊపిరి ముందే: జింక ఇంకా దూరంగా ఉండగానే నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. దాని తల చెట్టు చాటుకెళ్లినప్పుడే విల్లు లాగాలి. 60 పౌండ్ల కాంపౌండ్ విల్లు పూర్తిగా లాగాక చేతికి 12 పౌండ్లలోపే తెలుస్తుంది. కాబట్టి తొందరక్కర్లేదు.

గీత గీసుకో: 20 గజాలు దాటితే వద్దు. పూర్తిగా పక్కకి తిరిగి నిలబడకపోతే వద్దు. ఇది ఇంటి దగ్గరే తేల్చుకోవాలి, మంచె ఎక్కాక కాదు.

మళ్లీ అదే చెట్టు

మరుసటి అక్టోబర్. ఒకటి వచ్చింది. విల్లు లాగాను. అది సూటిగా నావైపు తిరిగి నిలబడింది. ఛాతీ ఎదురుగా ఉంది, కానీ గీత దాటకూడదు. చేతులు లాగేస్తున్నా ఓర్చుకుని, మెల్లగా తాడు వెనక్కి దించేశాను. అది వెళ్లిపోయింది. బాణం వేయకుండా దిగొచ్చినా ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

నవంబర్ రెండో వారంలో ఇంకొకటి, 18 గజాల్లో, పక్కకి తిరిగి. లాగు.. ఆనించు.. చూడు.. పట్టు.. నొక్కు. 60 గజాలు కూడా పోకుండానే పడిపోయింది. మాంసం పెద్దాయన ఇంటికి సగం, మా ఫ్రీజర్‌కి సగం.

వణుకు పోయిందా అంటారా? లేదు. బాణం వెళ్లిన మరుక్షణం వచ్చింది. నడుముకి బెల్టు ఉన్నా చెట్టుని రెండు చేతులా కావిలించుకుని పావుగంట అలాగే కూర్చున్నా. మొదటి జింకే గుర్తొచ్చింది.